వాచీ పట్టీ కింద దొరికిన ఆకుపచ్చ: ఎండకు మసకబారిన ఒక టాటూ కేసు

టాటూలు వేయడం నా పని. ఈ కేసులో నేను మొదట చేసింది తప్పు. చేసిన నెల రోజులకి చూస్తే మాత్రం బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపించింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. క్లయింట్ అనుమతి తీసుకున్నాను. డిజైన్, ఉద్యోగం లాంటివి ఆవిణ్ణి గుర్తుపట్టలేనంతగా మార్చాను.

నేపథ్యం

ఆవిడ వయసు నలభై లోపే. చామనఛాయ. ముంజేతి చుట్టూ మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా అల్లుకున్న పూలతీగ వేయించుకున్నారు. నల్ల ఔట్‌లైన్, ఆకుపచ్చ ఆకులు, ఎర్ర రేకులు, రేకుల మొదళ్లలో పసుపు. మూడు సిట్టింగులు పట్టింది. ఆకుల మధ్య ఒకచోట చిన్న పుట్టుమచ్చ ఉంటే, దాని చుట్టూ ఖాళీ వదిలి ఆకును పక్కకు తిప్పాను. అక్కడ కూడా నింపేయమని అడిగారు గానీ ఒప్పుకోలేదు. పుట్టుమచ్చ రంగు మారినా, అంచు వంకర తిరిగినా ముందుగా కంటికి కనబడాలి. మీద ఇంకు పడితే ఆ మార్పు తెలియదు.

పుండు మానడంలో ఇబ్బందేమీ రాలేదు. టాటూ వేశాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు రాసి అప్పట్లో నేనిచ్చే ఆఫ్టర్‌కేర్ కార్డులో ఎండ గురించి ఒకే ఒక్క వాక్యం ఉండేది: "మానాక బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోండి." ఎంత రాయాలో, ఎన్నిసార్లు రాయాలో లేదు. ఇక ఆ "బయటికి" అన్న మాట చేసిన నష్టం సంగతి కిందకి వెళ్లాక చెప్తాను.

ఏ సమస్యతో వచ్చారు

రెండేళ్ల తర్వాత వచ్చారు. "రంగంతా పోయిందండీ, మళ్లీ నింపేయండి" అన్నారు. నిజంగానే చెయ్యి బయటివైపు పసుపు మట్టిరంగుకి తిరిగింది. ఎరుపు ఇటుక రంగులో ఉంది. ఆకులు నలుపో ఆకుపచ్చో తేల్చుకోలేనట్టున్నాయి. నల్ల గీతలు చెదరలేదు, పాకలేదు. కానీ చుట్టూ ఉన్న చర్మమే ముదురుగా ఉండటంతో అవి మునుపటిలా ఎత్తి కనబడటం లేదు. చెయ్యి లోపలివైపు, అంటే శరీరానికి ఆనుకుని ఉండే వైపు, అదే ఇంకు, అదే నీడిల్, అదే రోజు వేసిన పూలు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి.

సన్‌స్క్రీన్ వాడుతున్నారా అని అడిగాను. "రోజూ పొద్దున్నే రాస్తానండీ, ఎస్‌పీఎఫ్ 50" అంటూ బ్యాగులోంచి ట్యూబు తీసి చూపించారు. ఎస్‌పీఎఫ్ అంటే సన్‌స్క్రీన్ ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. మంచిదే. నేను ఆ ప్రశ్న అక్కడితో వదిలేశాను.

లేవబోతూ ఇంకో మాట అన్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో పావుగంట నడిస్తే ఎర్ర రేకులు దద్దుర్లలా పైకి తేలుతున్నాయట, దురద పెడుతున్నాయట. రాత్రికల్లా సర్దుకుంటున్నాయట. కార్డు మీద రాసుకున్నాను. ఎరుపు జోలికి ఇప్పుడే పోవద్దనుకున్నాను. అంతకుమించి దాని గురించి ఆలోచించలేదు.

మొదటి నిర్ణయం: టచప్

నా లెక్క ఇది. టాటూ ఇంకుల్లో కార్బన్‌తో చేసిన నలుపు వెలుతురుకు బాగా తట్టుకుంటుంది. పసుపు, నారింజ, ఎరుపు ఇంకుల్లో చాలావాటిలో ఉండేవి ఏజో అనే రకం రసాయన రంగులు. అతినీలలోహిత కిరణాలకి వాటి అణువులు విరిగిపోతాయి. కాబట్టి రెండేళ్లకి పసుపు వెలిసిపోవడంలో వింతేమీ లేదు, మళ్లీ నింపితే సరిపోతుంది. ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. ఈ చేతికి జరిగింది మాత్రం అది కాదు, లేదా అదొక్కటే కాదు.

పసుపు మాత్రమే నింపాను. ఎరుపుని, ఆకుపచ్చని ముట్టుకోలేదు. కొత్తగా నీడిల్ పడిన చర్మం పచ్చిపుండుతో సమానం కాబట్టి దానిమీద సన్‌స్క్రీన్ రాయకూడదు. నాలుగు వారాలు పొడుగు చేతుల వదులు చొక్కా వేసుకోమన్నాను. నెలకి వచ్చినప్పుడు చూస్తే పసుపు మెరిసిపోతోంది. మొత్తం చెయ్యే తేటపడినట్టుంది. ఫొటో తీసుకున్నాను. ఇద్దరం సంతోషపడ్డాం.

అయిదు నెలలకి మళ్లీ వచ్చారు. చెయ్యి మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది.

ఎక్కడ తప్పాను

ముందు నా చేతిమీదే అనుమానపడ్డాను. ఇంకు చర్మంలో సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, డెర్మిస్ అనే లోపలి పొరలో కూర్చోవాలి. అక్కడ రక్షక కణాలు దాన్ని మింగి పట్టి ఉంచుతాయి కాబట్టే అది అన్నేళ్లు నిలుస్తుంది. పైపొర మాత్రం నెలకో మారు అటూఇటూగా రాలి కొత్తది వస్తుంది. నేను గనక పైపైన వేసి ఉంటే ఆ ఇంకు మొదటి నెలలోనే పొట్టుతో రాలిపోయేది. నెలకి నిండుగా ఉండి అయిదో నెలకి మసకబారడానికి లోతు కారణం కాదు. ఇంకు బాటిల్ మీద అనుమానం కూడా నిలబడలేదు. అదే బాటిల్‌తో వేసిన లోపలివైపు పూలకి ఏమీ కాలేదు.

ఇక సన్‌స్క్రీన్ సరిగా అంటడం లేదేమో అనుకున్నాను. క్రీము జిడ్డుగా ఉంటుందని ఆవిడ కూడా అన్నారు. స్ప్రే వాడి చూడమన్నాను. నెల గడిచాక చెయ్యి ఇంకాస్త అధ్వాన్నంగా వచ్చింది. కొన్నిచోట్ల తేట, కొన్నిచోట్ల ముదురు. కారులో కూర్చుని ఒక్కసారి బుస్సుమని కొట్టుకుంటే సగం గాలికి పోతుంది, పడినది మచ్చలు మచ్చలుగా పడుతుంది. స్ప్రే కొట్టాక చేత్తో పులిమి సమం చేయాలని నేను చెప్పలేదు. టాటూల కోసమే అని రాసి అమ్మే స్టిక్కులు కూడా ఉన్నాయి కదా అని ఆవిడ అడిగారు. లేబుల్ తిప్పి చూస్తే వాటిలో ఉండేవి కూడా మామూలు సన్‌స్క్రీన్‌లలో ఉండే ఫిల్టర్లే. వెనకాల బ్రాడ్ స్పెక్ట్రమ్ అని, అంటే ఎండలోని యూవీఏ, యూవీబీ కిరణాలు రెండింటినీ అడ్డుకుంటుందని, ఉందా లేదా అన్నదే చూడాలి, ముందువైపు బొమ్మ కాదు.

ఆ రోజే అసలు విషయం దొరికింది. ఫొటో తీయడానికి చెయ్యి కడుక్కోమన్నాను. ఆవిడ వాచీ విప్పి పక్కన పెట్టారు. టచప్ మానాక కొన్న కొత్త వాచీ అది, వెడల్పాటి పట్టీ. దాని కింద మణికట్టు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఒక కడియంలా చర్మం తెల్లగా ఉంది. ఆ కడియం లోపల ఒక ఆకు కొస, ఒక రేకు. ఆకు చిలకపచ్చగా ఉంది. పట్టీ అంచు దాటగానే అదే ఆకు నల్లబారిపోయింది. ఒకే ఆకులో అడ్డంగా గీత గీసినట్టు.

ఆ ఆకుపచ్చని నేను టచప్‌లో ముట్టుకోలేదు. టచప్‌కి ముందు అక్కడ కూడా అది మసకగానే ఉంది, పాత ఫొటో ఉంది. పోయిన ఇంకు దానంతటది తిరిగి రాదు. అంటే ఆకుపచ్చ ఎక్కడికీ పోలేదు, దానిమీద ఏదో కప్పుకుంది. ఆ కప్పుకున్నది ఆవిడ చర్మమే. ఏ టాటూనైనా మనం చూసేది పైపొర గుండానే. ఆ పొర కాగితమంత పల్చన, కానీ ఎండ తగిలితే చర్మాన్ని ముదురు చేసే మెలనిన్ పేరుకునేది అందులోనే. గోధుమరంగు అద్దం అడ్డం పెట్టి పసుపుని చూస్తే మట్టిరంగు కనబడుతుంది. ఆకుపచ్చ నల్లగా, ఎరుపు ఇటుకలా కనబడతాయి. నేను దాన్ని చూసి రంగు పోయిందనుకుని అద్దం వెనకాల ఇంకా ఇంకు పోశాను.

నెల నాటి ఫొటో మళ్లీ తీసి చూశాను. అందులో నేను ముట్టుకోని ఆకులు, నేను ముట్టుకోని ఎర్ర రేకులు కూడా తేటగానే ఉన్నాయి. ఆ రోజు పసుపుని చూసి మురిసిపోతూ వాటిని గమనించలేదు. చెయ్యి బాగుపడింది ఎక్కువగా టచప్ వల్ల కాదు, నాలుగు వారాలు వేసుకున్న చొక్కా వల్ల.

ఎండ ఎక్కడ తగులుతోంది

"నేను ఎండలో ఎక్కడ తిరుగుతానండీ? రోజంతా కారులోనే, అద్దాలెత్తి ఏసీ వేసుకుంటాను. ఒక్కరోజు కూడా చెయ్యి మాడలేదు." ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజమే. టాటూ ఉన్నది కిటికీ వైపు చేతికి.

అతినీలలోహిత కిరణాల్లో (యూవీ) చర్మాన్ని ఎర్రబరిచి మాడ్చే పని ఎక్కువగా యూవీబీది, 280 నుంచి 320 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలది. గాజు దాన్ని చాలావరకు ఆపేస్తుంది. 320 నుంచి 400 దాకా ఉండే యూవీఏ లోతుగా, డెర్మిస్ దాకా దిగుతుంది. మంట పెట్టకుండానే చర్మాన్ని నల్లబరుస్తుంది. కారు ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది కాబట్టి యూవీఏని కూడా బాగా అడ్డుకుంటుంది. పక్క అద్దాల సంగతి అలా కాదు. ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, చాలావాటిలోంచి యూవీఏ గణనీయంగా లోపలికి వస్తుంది. ఏసీ చల్లదనంలో, మంట తెలియకుండా, రోజుకి ఆరేడు గంటలు ఆ చెయ్యి ఎండబెట్టినట్టే ఉంటోంది. నా కార్డులో "బయటికి వెళ్లేటప్పుడు" అని ఉంది. ఆవిడ లెక్కలో ఆవిడ బయటికే వెళ్లడం లేదు. పొద్దున రాసుకునేది కూడా ముఖానికి రాస్తూ చేతికి కాస్త అంటించడమే.

ఎంత రాస్తున్నారో చూద్దామని నా పిగ్మెంట్ తూచే చిన్న డిజిటల్ తక్కెడ మీద కాగితం పెట్టి, రోజూ రాసినంత పిండమన్నాను. 0.3 గ్రాములు. ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ఒక ముంజేతికి ఆ లెక్కన సుమారు ఒక గ్రాము పడుతుంది. అంటే ఆవిడ రాస్తున్నది మూడో వంతు. అలా రాస్తే ట్యూబు మీద 50 అని ఉన్నా చర్మానికి అందేది అందులో చిన్న ముక్క. పైగా ఏడింటికి రాసింది తొమ్మిదింటికల్లా మళ్లీ రాయాలి, చెమట పడితే ఇంకా ముందే. ఆవిడకి తక్కెడ అక్కర్లేని కొలత చెప్పాను: చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా పిండితే అర గ్రాము, అలా రెండు గీతలు పిండితే ఒక ముంజేయి. పిండి చూసుకుని "ఇంతా!" అన్నారు. అందరూ అదే అంటారు.

దద్దుర్ల సంగతి

ఈ దశలో ఆవిణ్ణి చర్మవైద్యురాలి దగ్గరికి పంపాను. మొదటిరోజే పంపాల్సింది. అప్పట్లో ఆవిడ ఏదో ఇన్ఫెక్షన్‌కి డాక్సీసైక్లిన్ వాడారని తెలిసి, అది ఎండకి చర్మాన్ని సున్నితం చేసే మందు కదా, దొరికిందనుకున్నాను. డాక్టరుగారు ఒక్క ప్రశ్నతో దాన్ని పక్కనపెట్టారు: మందు వల్లయితే ఎండ తగిలిన చర్మమంతా మండాలి, ఎర్ర ఇంకు మాత్రమే ఎందుకు తేలుతుంది? పైగా మందు ఆపేసి చాలా రోజులైంది, దద్దుర్లు ఆగలేదు. డాక్టరుగారు తేల్చింది ఇంకుకీ వెలుతురుకీ మధ్య జరుగుతున్న ప్రతిచర్య అని. టాటూల్లో ఇది అరుదేమీ కాదు, నలుపులో కూడా వస్తుంది. గంటల్లో తగ్గిపోతోంది, గడ్డ కట్టడం లేదు, పొలుసు లేవడం లేదు కాబట్టి చర్మం ముక్క తీసి పరీక్షించే బయాప్సీ అవసరం లేదన్నారు. ఉబ్బు తగ్గకుండా నిలిచిపోతే వెంటనే రమ్మన్నారు. ఆ చేతిలో మళ్లీ ఎరుపు వేయొద్దని నాకు కబురు పంపారు. పుట్టుమచ్చని కూడా చూసి బాగానే ఉందన్నారు.

పనిచేసినది

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న: మసకలో ఎంత ఎండ నలుపు, ఎంత నిజంగా పోయిన ఇంకు? ఈ రెంటినీ వేరుచేసే పరికరమేదీ నా దగ్గర లేదు. కానీ చెయ్యి కప్పి ఉంచితే నలుపు తగ్గుతుంది, పోయిన ఇంకు రాదు. కాబట్టి చికిత్సే పరీక్ష అవుతుంది. పన్నెండు వారాలు నీడిల్ పెట్టేది లేదని చెప్పాను.

కప్పడం ఎలా అన్నదానిమీదే ఎక్కువ చర్చ జరిగింది. కారు అద్దాలకి యూవీ ఫిల్మ్ అంటించొచ్చు, కానీ బండి ఆవిడది కాదు. ప్రతి రెండు గంటలకీ కారు ఆపి క్రీము రాయడం జరగని పని, ఆవిడే నిజాయితీగా చెప్పారు. గుర్తుపెట్టుకుని చేయాల్సిన దానికంటే పొద్దున ఒకసారి తొడుక్కుని మర్చిపోయేది నయం అని స్లీవ్, అంటే చేతికి వేసుకునే గుడ్డ తొడుగు, ఎంచుకున్నాం. క్రీముని మణికట్టుకీ చేతి వెనకవైపుకీ, ఇంకా స్లీవ్ తీసిన రోజులకీ ఉంచాం.

మొదటి స్లీవ్ పల్చటి తెల్ల కాటన్‌ది తెచ్చుకున్నారు. నా టేబుల్ లైటు మీద పరిచి చూస్తే అల్లికలోంచి బల్బు కనబడుతోంది. అది తడిస్తే ఇంకా ఎక్కువ కిరణాలు దిగుతాయి. రెండోసారి యూపీఎఫ్ 50+ ఉన్నది తెచ్చారు. ఆ అంకెకి అర్థం తగిలిన యూవీలో యాభయ్యో వంతుకి మించి లోపలికి పోదని. కానీ సైజు చిన్నది. మోచేతి కింద కండ దగ్గర బిర్రుగా సాగి నేత కళ్లు విచ్చుకున్నాయి. సాగిన గుడ్డ ట్యాగు మీద చెప్పినంత ఆపదు. మూడోది సరైన సైజు, ముదురు రంగు. దానితో కుదిరింది.

ప్రతి నాలుగు వారాలకీ ఒకే లైటు కింద, పక్కన కలర్ కార్డు పెట్టి ఫొటో తీశాను. ఈ జాగ్రత్త మొదట్లోనే ఉంటే సగం కథ ఉండేదే కాదు. నాలుగో వారానికి కాస్త తేటపడింది గానీ అనుకున్నంత లేదు, ఆవిడ విసుక్కున్నారు. ఎనిమిదో వారానికి ఆకులు విడివిడిగా కనబడ్డాయి. పన్నెండో వారానికి వాచీ కడియం ఎక్కడ మొదలవుతుందో ఆకుపచ్చలో గానీ ఎరుపులో గానీ వెతికినా దొరకలేదు. నల్ల గీతలు మళ్లీ ఎత్తి కనబడ్డాయి, వాటిని ఎవరూ ముట్టుకోకుండానే. పసుపు మాత్రం పట్టీ కింద ఒక రకంగా, బయట ఇంకాస్త పాలిపోయి ఉంది. అది నిజంగా పోయిన ఇంకు. అంటే నా మొదటి లెక్కలో కొంత నిజముంది. ఆ కొంతని చూసి మొత్తం అదే అనుకున్నాను.

పన్నెండు వారాల్లో దద్దుర్లు రెండుసార్లు వచ్చాయి. రెండూ స్లీవ్ ఇంట్లో మర్చిపోయిన రోజులే.

ఇప్పుడు ఏం మార్చాను

రంగు పోయిందని ఎవరొచ్చినా ముందు చేతి లోపలివైపు, వాచీ కింద, చొక్కా మడత కింద చూస్తున్నాను. ఆ కప్పి ఉన్న చోటికీ ఎండ తగిలే చోటికీ రంగులో తేడా ఉంటే, చుట్టూ చర్మంలో కూడా అదే తేడా ఉంటే మెషిన్ బయటికి తీయను. నీడిల్ పడిన ప్రతిసారీ చర్మం కొంత మచ్చ కడుతుంది. అక్కర్లేని టచప్ అంటే ఊరికే చేసిన గాయం. సన్‌స్క్రీన్ రాస్తున్నారా అని అడగడం మానేసి, రాసి చూపించమంటున్నాను. వాడుతున్న మందులు, ఎండలో తేలే దద్దుర్లు, దురద ఫారంలో వేరే గడులయ్యాయి. వాటిలో దేనికైనా అవునని రాస్తే డాక్టరు చూశాకే సిట్టింగ్. కార్డులో "బయటికి" కొట్టేసి "పగటి వెలుతురు పడే చోట కూర్చున్నా, కారులో ఉన్నా" అని రాశాను. అది రెండు పేరాలైంది. చదివేవాళ్లు తక్కువే, అందుకే చదివి వినిపిస్తున్నాను.

ముదురు చర్మానికి ఎండతో పనేమిటి అనేవాళ్లు నా తోటి ఆర్టిస్టుల్లోనే ఉన్నారు. మాడిపోవడం తక్కువ, నిజమే. మెలనిన్ త్వరగా పేరుకునేదీ, ఎక్కువకాలం నిలిచేదీ ఇలాంటి చర్మంలోనే. టాటూ మీద పడే ముసుగు మన దగ్గరే మందం.

పసుపు నింపమంటారా అని ఆర్నెల్లకి నేనే అడిగాను. ఒక రేకు మొదట్లో చిన్న చుక్క వేసి, నెల చూసి, తర్వాత ముందుకెళ్దామన్నాను. ఆవిడ చెయ్యి లైటు కింద ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుని, వద్దండీ, ఇలాగే బాగుంది అన్నారు. వెళ్తూ వెళ్తూ స్లీవ్ పైకి లాక్కుని, దానిమీద వాచీ పెట్టుకున్నారు.